చిన్న ఆన్‌లైన్ వ్యాపారానికి సోషల్ మీడియా కాంటెస్ట్ ఎలా పెట్టాలి: బహుమతి ఎంపిక నుంచి చివరి లెక్క దాకా

"కాంటెస్ట్ పెట్టాం. వారంలో ఫాలోవర్లు బాగా పెరిగారు. విజేత పేరు చెప్పిన మర్నాటి నుంచి తగ్గిపోతున్నారు. ఒక్క ఆర్డర్ కూడా రాలేదు. ఎక్కడ తప్పు జరిగింది?"

ఆన్‌లైన్‌లో చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పోస్టు ఎలా రాశారు, ఏ టైముకి పెట్టారు అనేవి తర్వాతి సంగతులు. నేను ముందు అడిగేది, బహుమతిగా ఏం ఇచ్చారని. చాలాసార్లు అది ఫోనో, ఇయర్‌ఫోన్లో, ఏదైనా పెద్ద షాపింగ్ సైటు గిఫ్ట్ కార్డో అయి ఉంటుంది. అలాంటి బహుమతి కోసం ఎవరైనా వస్తారు. మీరు అమ్మే వస్తువుతో వాళ్లకి పని ఉండనక్కర్లేదు. రాబోయే మనుషులు ఎవరన్నది బహుమతి దగ్గరే సగం తేలిపోతుంది. కింద చెప్పే పద్ధతి అంతా, మీ దగ్గర కొనే అవకాశం ఉన్నవాళ్లని మాత్రమే పోగుచేయడం కోసం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- బిజినెస్ అకౌంట్. ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు పర్సనల్ అకౌంట్ ఉంటే దాన్ని ప్రొఫెషనల్ అకౌంట్‌గా మార్చుకోండి. అప్పుడే రీచ్ (పోస్టు ఎంతమందికి చేరింది), క్లిక్కుల లెక్కలు కనిపిస్తాయి.
- బయోలో (ప్రొఫైల్ పైన ఉండే చిన్న పరిచయంలో) పనిచేసే లింకు. దాన్ని ఫోన్‌లో నొక్కి, వస్తువు ఎంచుకోవడం నుంచి డబ్బు కట్టే పేజీ దాకా మీరే ఒకసారి వెళ్లి చూడండి.
- బహుమతి చేతిలో ఉండాలి. తర్వాత తెప్పిద్దాం అనుకుంటే స్టాక్ అయిపోవచ్చు.
- ఈ కాంటెస్ట్‌కి మాత్రమే వాడే ఒక కూపన్ కోడ్.
- ఎక్సెల్, గూగుల్ షీట్స్ లాంటి దాంట్లో ఒక షీట్. అందులో ఈ రోజు అంకెలు రాయండి: ఫాలోవర్లు, గత 30 రోజుల ఆర్డర్లు, సైటుకి వచ్చినవాళ్లు, ఈమెయిల్ లిస్టులో ఉన్నవాళ్లు. ఇది రాయకుండా మొదలుపెడితే చివర్లో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.
- కాంటెస్ట్ నడిచినన్ని రోజులూ కామెంట్లకి జవాబివ్వడానికి రోజుకి కనీసం అరగంట.

మీ పేజీ నిన్నో మొన్నో మొదలైందా? ఫాలోవర్లు మరీ కొద్దిమందేనా? అయితే ఒంటరిగా కాంటెస్ట్ పెట్టకండి, చూసేవాళ్లే ఉండరు. మీతో పోటీలో లేని, కానీ మీలాంటి కస్టమర్లే ఉన్న ఇంకో చిన్న వ్యాపారంతో కలిసి పెట్టండి. చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు అమ్మేవాళ్లు, ఇంకు పెన్నులు అమ్మేవాళ్లతో కలవచ్చు. బహుమతి ఎవరు పంపాలి, ఫిర్యాదు వస్తే జవాబు ఎవరు చెప్పాలి అనేది ముందే మాట్లాడుకుని రాసిపెట్టుకోండి.

1. ఒక్క లక్ష్యం పెట్టుకోండి

ఫాలో చేయాలి, లైక్ కొట్టాలి, ముగ్గురిని ట్యాగ్ చేయాలి, స్టోరీలో పెట్టాలి, ఈమెయిల్ ఇవ్వాలి అని ఐదు పనులు అడిగితే, చాలామంది రెండో పని దగ్గరే వదిలేస్తారు. మీకు నిజంగా కావాల్సింది ఏదో ఒకటి ఎంచుకోండి. కొత్త వస్తువు గురించి తెలియజేయడమా, ఈమెయిల్ లిస్టు పెంచుకోవడమా, కస్టమర్లు మీ వస్తువు వాడుతున్న ఫొటోలు సంపాదించడమా? ఆ లక్ష్యానికి సరిపడే ఒక్క పని అడగండి. తప్పదనుకుంటే రెండు. అంతకు మించి వద్దు.

2. బహుమతి ఎంచుకోండి

తొందరపడకుండా ఆలోచించాల్సిన మెట్టు ఇదే. మీ సొంత వస్తువు, లేదా మీ షాపులో మాత్రమే చెల్లే వోచర్ పెట్టండి. "దీన్ని డబ్బిచ్చి కొనుక్కునే మనిషి, నా మామూలు కస్టమర్ ఒకరేనా?" అని మిమ్మల్ని మీరు అడగండి. అవుననలేకపోతే ఆ బహుమతి వదిలేయండి.

"మా వస్తువే ఇస్తే జనం రారేమో" అనే భయం చాలామందికి ఉంటుంది. నిజమే, తక్కువమంది వస్తారు. వచ్చినవాళ్లు మాత్రం మీ వస్తువు ఇష్టపడి వచ్చినవాళ్లు. ఫోన్ కోసం వచ్చిన వెయ్యిమంది తర్వాత మీ పోస్టులు పట్టించుకోకుండా స్క్రోల్ చేసుకుపోతే, మీ పోస్టులకి స్పందన పడిపోతుంది, వాటిని ఇంకొకరికి చూపించడం కూడా తగ్గుతుంది. ఊరికే ఉండే ఫాలోవర్ వల్ల లాభం లేకపోగా నష్టం ఉంది.

ఒక్క పెద్ద బహుమతి కంటే మూడు చిన్నవి మేలని నా అభిప్రాయం. గెలిచే అవకాశం ఉందని జనానికి అనిపిస్తుంది, మీకు ముగ్గురు విజేతల ఫొటోలు వస్తాయి. రంగు, సైజు విజేతే ఎంచుకునేలా చేయండి. అప్పుడు ఎంట్రీ పంపేవాళ్లు మీ కేటలాగు మొత్తం తిరగేస్తారు.

ఖర్చు లెక్క: బహుమతి, ప్యాకింగ్, కొరియర్, యాడ్ పెడితే దాని ఖర్చు, అన్నీ కలపండి. దాన్ని ఒక ఆర్డర్ మీద మీకు మిగిలే లాభంతో భాగించండి. 12 వచ్చిందనుకోండి. అంటే మామూలుగా వచ్చేవాటికి పైన 12 ఆర్డర్లు వస్తే పెట్టింది తిరిగి వచ్చినట్టు. కూపన్ ఇవ్వబోతుంటే, ఆ తగ్గింపు పోగా మిగిలే లాభాన్నే లెక్కలోకి తీసుకోండి. ఆ సంఖ్య మీ నెల ఆర్డర్లకంటే ఎక్కువ వస్తే బహుమతి తగ్గించుకోండి.

3. పోటీ తీరు నిర్ణయించండి

కామెంట్ పోటీ: అన్నిటికంటే సులువు. అయితే "డన్" అని రాసో, ఒక ఎమోజీ పెట్టో వెళ్లిపోవడానికి వీల్లేని ప్రశ్న అడగండి. "మా నోట్‌బుక్ దొరికితే మొదటి పేజీలో ఏం రాస్తారు?" అంటే జవాబు రాయాలంటే ఆలోచించాలి. పైగా ఆ జవాబులు మీకు మార్కెట్ సర్వేలా పనికొస్తాయి. జనం ఏ పనికి వాడాలనుకుంటున్నారో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది. ఆ మాటలే తర్వాత మీ యాడ్‌లో వాడుకోవచ్చు.

ఫొటో పోటీ: ఇప్పటికే మీ వస్తువు కొన్నవాళ్లు తగినంతమంది ఉంటేనే పెట్టండి. ఎంట్రీలు తక్కువ వస్తాయి, కానీ విలువైనవి వస్తాయి. హ్యాష్‌ట్యాగ్ వాడేట్టయితే ముందు దాన్ని వెతికి చూడండి, ఇంకెవరైనా వాడుతుంటే మార్చండి. ప్రైవేట్ అకౌంట్ నుంచి పెట్టిన పోస్టు మీకు హ్యాష్‌ట్యాగ్‌లో కనిపించదు, స్టోరీ 24 గంటల్లో పోతుంది. అందుకే "అకౌంట్ పబ్లిక్‌లో ఉండాలి" అని రాయండి, లేదా ఫొటోని డీఎంలో (మీకు నేరుగా వచ్చే ప్రైవేటు మెసేజ్‌లో) పంపమనండి.

ఫారం పోటీ: ఈమెయిల్ లిస్టు కావాలంటే ఇది. పోటీలో చేరడానికి ఒక గడి, ఆఫర్ల మెయిల్స్ పంపడానికి ఒప్పుకుంటూ ఇంకో గడి, విడివిడిగా పెట్టండి. రెండో గడిలో ముందే టిక్ పెట్టి ఉంచకండి. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ) నియమాల ప్రకారం, ముందే టిక్ పెట్టిన గడిని సమ్మతిగా లెక్కించరు. మీ కస్టమర్లు అక్కడివాళ్లు కాకపోయినా ఇదే పాటించండి. ఇష్టపడి చేరినవాళ్లే మీ మెయిల్ తెరుస్తారు.

ఓటింగ్ పోటీ: వద్దంటాను. "ఎక్కువ లైకులు వచ్చిన ఫొటోకి బహుమతి" అనగానే ఓట్లు ఇచ్చిపుచ్చుకునే గ్రూపులు, దొంగ అకౌంట్లు దిగుతాయి. నిజాయితీగా పాల్గొన్నవాళ్లు ఓడిపోయి మీ మీద కోపం పెంచుకుంటారు. ఓటింగ్ ఉండి తీరాలంటే మీరు ఐదు ఎంట్రీలు ఎంపిక చేసి, ఓట్లకి సగం, మీ నిర్ణయానికి సగం విలువ ఇస్తామని ముందే చెప్పండి.

ఇక్కడొక గట్టి హెచ్చరిక. బహుమతి ఉండి, విజేతని అదృష్టం మీద తీసి, చేరడానికి డబ్బో కొనుగోలో అడిగితే, చాలా దేశాల చట్టాల్లో అది లాటరీ కిందికి వస్తుంది. ఈ నెల ఆర్డర్ చేసినవాళ్లలో ఒకరికి లక్కీ డ్రా అని చెప్పడం సరిగ్గా ఇలాంటిదే. కొనకుండా కూడా చేరే దారి పెట్టండి, లేదా డ్రా మానేసి ప్రతిభని బట్టి తీర్పు ఇవ్వండి. ప్రతిభ పోటీలకి కూడా కొన్ని చోట్ల షరతులుంటాయి, బహుమతి మీద పన్ను కూడా ఉండొచ్చు. పెద్ద బహుమతి అయితే మీ దేశపు నియమాలు తెలిసిన ఒకరిని ముందే అడగండి.

4. ప్లాట్‌ఫాం నియమాలు చూసుకోండి

దీన్ని దాటేసి పేజీని పోగొట్టుకోవద్దు. నియమాలు మారుతుంటాయి కాబట్టి పెట్టబోయే రోజున ఒకసారి చదవండి. ముఖ్యమైనవి ఇవి:

- ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్: ఈ పోటీకి ఆ సంస్థతో సంబంధం లేదనీ, అది స్పాన్సర్ చేయడం లేదనీ మీరు రాయాలి.
- ఫేస్‌బుక్: "మీ టైమ్‌లైన్‌లో షేర్ చేస్తే ఎంట్రీ", "స్నేహితులని ట్యాగ్ చేస్తే ఎంట్రీ" అనే షరతులు పెట్టకూడదు. పోటీ పేజీలో, గ్రూపులో, ఈవెంట్‌లో నడపవచ్చు, వ్యక్తిగత టైమ్‌లైన్ మీద కాదు. పైగా లైకులు, షేర్లు, ట్యాగులు అడుక్కునే పోస్టుల రీచ్‌ని 2017 డిసెంబరు నుంచి తగ్గిస్తున్నారు.
- ఇన్‌స్టాగ్రామ్: ఫొటోలో లేని మనిషిని ఫొటోలో ట్యాగ్ చేయమని చెప్పకూడదు.
- యూట్యూబ్: చేరడం ఉచితంగా ఉండాలి. వ్యూస్, లైకులు, సబ్‌స్క్రైబర్లని కృత్రిమంగా పెంచడానికి పోటీని వాడకూడదు. ఎంట్రీ హక్కులన్నీ మీకే రాసివ్వమని అడగకూడదు.
- ఎక్స్ (పాత ట్విట్టర్): ఒకే మనిషి అనేక అకౌంట్లతో చేరడాన్ని, ఒకే పోస్టుని పదేపదే పెట్టడాన్ని ప్రోత్సహించకూడదు.

5. నియమాలు రాయండి

పోస్టులో అన్నీ పట్టవు. సైటులో ఒక పేజీ పెట్టి లింకు ఇవ్వండి, సైటు లేకపోతే పోస్టు కింద మొదటి కామెంట్‌లో రాసి పిన్ చేయండి. ఈ నమూనా మీకు తగ్గట్టు మార్చుకోండి:

"పోటీ మార్చి 3 ఉదయం 9 గంటల నుంచి మార్చి 10 రాత్రి 9 గంటల వరకు, మా టైమ్ జోన్ ప్రకారం. 18 ఏళ్లు నిండినవాళ్లు, మేము డెలివరీ చేసే ప్రాంతాల్లో ఉన్నవాళ్లు పాల్గొనవచ్చు. ఒక్కరికి ఒక్క ఎంట్రీ. కొనాల్సిన అవసరం లేదు. ఈ పోస్టు కింద ప్రశ్నకి జవాబు రాయాలి. చెల్లే ఎంట్రీలలో ముగ్గురిని డ్రా తీసి ఎంచుతాం. మార్చి 12న ఇదే పేజీలో ప్రకటిస్తాం. విజేతలు 48 గంటల్లో స్పందించకపోతే ఇంకొకరిని ఎంచుతాం. బహుమతికి బదులు డబ్బు ఇవ్వం. కొరియర్ ఖర్చు మాది. మీ వివరాలు బహుమతి పంపడానికి మాత్రమే వాడతాం. ఈ పోటీని ఇన్‌స్టాగ్రామ్ నిర్వహించడం లేదు, స్పాన్సర్ చేయడం లేదు. పాల్గొనేవాళ్లు ఈ పోటీ విషయంలో ఇన్‌స్టాగ్రామ్‌ని బాధ్యత నుంచి పూర్తిగా తప్పిస్తున్నారు."

టైమ్ జోన్, డెలివరీ ప్రాంతం, స్పందన గడువు అనే మూడింటినీ మర్చిపోకండి. వేరే దేశంలో ఉన్న విజేతకి పంపాలంటే కొరియర్, కస్టమ్స్ కలిపి బహుమతినే మించిపోవచ్చు. ఫొటో పోటీ అయితే, ఎంట్రీ ఫొటోని మీ పేజీలో, సైటులో పేరుతో వాడుకోవచ్చా అనేది ఒక వాక్యంలో రాయండి. రాయకపోతే తర్వాత ఒక్కొక్కరినీ అడగాలి.

6. పోస్టు తయారు చేయండి

మొదటి లైనులో బహుమతి, రెండో లైనులో చేయాల్సిన పని, మూడో లైనులో చివరి తేదీ. మీ కథ, వ్యాపారం ఎలా మొదలైంది అనేవి ఆ తర్వాత రాయండి. ఫొటోలో అసలు బహుమతే ఉండాలి. ఇంటర్నెట్‌లో తీసుకున్న బొమ్మ పెడితే, అందిన వస్తువు వేరుగా ఉందన్న ఫిర్యాదు వస్తుంది.

పోస్టు వేసేముందు వ్యాపారంతో సంబంధం లేని ఒకరికి చూపించి, "ఇందులో నువ్వేం చేయాలి?" అని అడగండి. 10 సెకన్లలో చెప్పలేకపోతే తిరగరాయండి.

7. నడుస్తున్న రోజుల్లో

వారం నుంచి 10 రోజులు చాలు. నెల పెడితే, తర్వాత చూద్దాంలే అనుకుని జనం మర్చిపోతారు. మొదలైన మొదటి రెండు గంటలు ఫోన్ దగ్గరే ఉండి ప్రతి కామెంట్‌కీ జవాబివ్వండి. మధ్యలో ఒకసారి, చివరి రోజు ఒకసారి గుర్తు చేయండి.

మధ్యలో నియమాలు మార్చకండి. ఎంట్రీలు తక్కువొచ్చాయని గడువు పెంచితే, టైముకి చేరినవాళ్లకి అన్యాయం చేసినట్టే. తక్కువమంది వచ్చినా బహుమతి ఇచ్చి తీరాలి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది దొంగ అకౌంట్ల విషయంలో. మీ లోగో, మీ పేరుకి ఒక చుక్కో, అడ్డగీతో తగిలించి ఎవరో అకౌంట్ తెరుస్తారు. మీ పోస్టు కింద కామెంట్ పెట్టినవాళ్లకి "మీరు గెలిచారు, ఈ లింకులో కార్డు వివరాలు ఇవ్వండి" అని మెసేజ్ పంపుతారు. డబ్బు పోయేది మీ కస్టమర్‌ది, నమ్మకం పోయేది మీది. అందుకే పోస్టులోనే స్పష్టంగా రాయండి: "మా అకౌంట్ ఇదొక్కటే. విజేతలని డబ్బు, కార్డు వివరాలు, ఓటీపీ ఎప్పుడూ అడగం." పోటీ నడిచినన్ని రోజులూ రోజుకొకసారి మీ పేరుతో వెతకండి. దొంగ అకౌంట్ కనిపిస్తే రిపోర్ట్ చేసి, స్టోరీలో హెచ్చరించండి.

8. విజేతని ఎంచండి

గడువు ముగిసిన నిమిషానికే కామెంట్లు ఆపేయండి, లేదా స్క్రీన్‌షాట్లు తీయండి. ఎంట్రీలన్నీ షీట్‌లో ఎక్కించండి. ఒకే మనిషి రెండుసార్లు రాసినవి, ప్రశ్నకి జవాబు లేనివి తీసేయండి. మిగిలినవాటికి వరుస నంబర్లు వేయండి. 312 ఎంట్రీలు మిగిలాయనుకోండి, షీట్‌లో రాండ్‌బిట్వీన్ (RANDBETWEEN) ఫార్ములాకి 1, 312 ఇస్తే ఒక నంబరు వస్తుంది. షీట్‌లో ఏది మార్చినా ఆ నంబరు కూడా మారిపోతుంది కాబట్టి స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకునే నొక్కండి. కావాలంటే యాదృచ్ఛికంగా నంబర్లు తీసిచ్చే రాండమ్ డాట్ ఆర్గ్ (random.org) సైటు వాడవచ్చు. ఆ రికార్డింగ్‌ని స్టోరీలో పెడితే "మీవాళ్లకే ఇచ్చుకున్నారు" అనే మాట రాదు. కుటుంబసభ్యులు, మీ దగ్గర పనిచేసేవాళ్లు పాల్గొనకూడదని నియమాల్లో ముందే రాయడం మంచిది.

ప్రకటించేముందు ఆ అకౌంట్ ఒకసారి చూడండి. ఒక్క ఫొటో లేకుండా వందల పోటీల పోస్టులే ఉంటే అనుమానించాల్సిందే. అయితే తీసేసే హక్కు మీ నియమాల్లో రాసి ఉంటేనే తీసేయండి. ముగ్గురు విజేతలతో పాటు ఇద్దరు రిజర్వు పేర్లు కూడా అప్పుడే తీసి పెట్టుకోండి. చిరునామా డీఎంలోనే అడగండి, కామెంట్లలో వద్దు.

9. గెలవనివాళ్లని వదిలేయకండి

కాంటెస్ట్‌లో అసలు వ్యాపారం ఇక్కడ జరుగుతుంది. చాలామంది విజేత పేరు చెప్పి మౌనంగా ఉండిపోతారు. పైన అనుకున్న 312 మందిలో ముగ్గురు పోగా, మీ వస్తువు కావాలని చేయెత్తి చూపినవాళ్లు 309 మంది మిగిలారు! ఫలితాల పోస్టులోనే వాళ్లకోసం ఆ కూపన్ కోడ్ ఇవ్వండి, గడువు 5 రోజులు పెట్టండి. ఒక్కొక్కరికీ అదే మెసేజ్ డీఎం చేయకండి, స్పామ్‌గా రిపోర్ట్ చేస్తారు. ఫారం పోటీ అయితే, మెయిల్స్‌కి ఒప్పుకున్నవాళ్లకి మాత్రమే పంపండి. "మీరు కూడా గెలిచారు" అనకండి. "ఈసారి డ్రాలో మీ పేరు రాలేదు. పాల్గొన్నందుకు ఈ తగ్గింపు" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

బహుమతి అందాక విజేతని ఒక ఫొటో అడిగి, ఒప్పుకుంటే పెట్టండి. ఆ పోస్టు మీ తర్వాతి కాంటెస్ట్‌ని నమ్మదగ్గదిగా చేస్తుంది.

ఫలితం ఎలా చూసుకోవాలి

మూడుసార్లు చూడండి: ముగిసిన రోజు, 7వ రోజు, 30వ రోజు.

ముగిసిన రోజు: ఎంట్రీలు ఎన్ని, బయో లింకు క్లిక్కులు ఎన్ని. ఎంట్రీలు ఎక్కువ, క్లిక్కులు దాదాపు లేవు అంటే వచ్చినవాళ్లకి బహుమతి మీదే ధ్యాస ఉంది, షాపు మీద లేదు. సైటు ఉంటే లింకుకి యూటీఎం ట్యాగ్ (లింకు చివర చేర్చే గుర్తు) తగిలించండి, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో విడిగా కనిపిస్తుంది.

7వ రోజు: కూపన్ కోడ్‌తో వచ్చిన ఆర్డర్లు. రెండో మెట్టులో వేసుకున్న 12తో పోల్చండి. కోడ్ వాడింది పాత కస్టమర్లే అయితే, వాళ్లు ఎలాగూ కొనేవాళ్లు కావచ్చు. అందుకే కొత్త పేర్లు ఎన్నో విడిగా లెక్కపెట్టండి.

30వ రోజు: కొత్త ఫాలోవర్లలో ఎంతమంది మిగిలారు? మొదట 4,000 ఉండి, ముగిసే రోజుకి 4,200 అయి, 30వ రోజుకి 4,140 ఉంటే, పెరిగిన 200లో 140 నిలిచినట్టు, అంటే 70 శాతం. కాంటెస్ట్ తర్వాత పెట్టిన మామూలు పోస్టుల సగటు స్పందనని పాతవాటితో పోల్చండి. ఫాలోవర్లు పెరిగి స్పందన తగ్గితే బహుమతి తప్పు మనుషులని పిలిచిందన్నమాట.

ఎంట్రీలే రాకపోతే కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. పోస్టు ఎవరికీ చేరలేదు: రీచ్ అంకె చూడండి. చేరింది కానీ పని కష్టంగా ఉంది: ఫొటో అడిగినచోట కామెంట్ అడగండి. పని సులువే కానీ నమ్మకం లేదు: పేజీలో పాత కస్టమర్ల మాటలు, మిమ్మల్ని సంప్రదించే వివరాలు ఉన్నాయా చూసుకోండి.

30వ రోజు అంకెలు షీట్‌లో ఎక్కేదాకా రెండో కాంటెస్ట్ ప్రకటించకండి. ప్రకటించేటప్పుడు కూడా బహుమతి, పని, గడువు, వీటిలో ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల మారిందో తెలియదు. రెండు కాంటెస్టుల మధ్య కనీసం రెండు, మూడు నెలల ఎడం ఉంచండి. ప్రతి నెలా పెడుతుంటే, కొనాలనుకున్నవాళ్లు కూడా తర్వాతి డ్రా కోసం ఆగిపోతారు.